ఛాణజో: సేవాభాయా మాటలూ, వాటి వెనుక మన దారులూ

సేవాలాల్ జయంతికి క్యాంపస్‌లో కట్టే ఫ్లెక్సీ మీద ఏం రాయాలన్నది ఏటా బౌద్ధనగర్‌లో మా అద్దె గదుల్లోనే తేలుతుంది. ఒకసారి ఫిబ్రవరి 15 మరీ దగ్గరపడింది. ఎవరి ఫోన్‌కో వచ్చిన ఒక వాక్యం అందరికీ నచ్చింది: సంకల్పం ఉంటే విజయం నీదే, దాని కింద సంత్ సేవాలాల్ మహారాజ్. అక్షరాలు పెద్దగా, వెనకాల తెల్ల గుర్రం, మబ్బులు. ఫ్లెక్సీ అచ్చయి గదికి వచ్చింది. ఆ వారం మాలో ఒకరి యాడి కంటి చూపు పరీక్ష కోసం తండా నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. చదువు రాదు కనుక చదివి వినిపించమంది. వినిపించాం.

"సంకల్పమంటే ఏంది బేటా?" అన్నది.

గోర్ బోలిలోకి తిప్పి చెప్పబోయాం. ఐదుగురం ఉన్నాం, అందులో ఇద్దరు పీజీ చదువుతున్నవాళ్ళు. ఒక్కరికీ మాట దొరకలేదు. యాడి నవ్వింది. "ఇది సేవాభాయా మాట కాదు. ఆయన మాటల ఎద్దు ఉంటది, నీళ్ళుంటయి, గింజలుంటయి. ఇది ఎవరో నౌకరీ చేసేటోడు రాసిండు."

ఫ్లెక్సీ మాత్రం కట్టాం. డబ్బులు ఇచ్చేశాం మరి. కానీ ఆ రోజు నుంచి మాకు ఒక పని పట్టుకుంది. సేవాభాయా అన్నాడని మనం చెప్పుకునే మాటల్లో ఏవి తండాల నోటి నుంచి వచ్చాయి, ఏవి ఫోన్ల నుంచి వచ్చాయి? ఈ సంచికకు వ్యాసం కావాలన్నప్పుడు, అప్పటి నుంచి మేము విన్నవీ చదివినవీ ఒకచోట పెడదామనుకున్నాం.

ముందు అందరికీ తెలిసిన మాట. జాణజో, ఛాణజో, పచజ్ మానజో. తెలుసుకో, జల్లించుకో, ఆ తర్వాతే ఒప్పుకో. ఏ తండాకు వెళ్ళినా, కర్ణాటకలోనైనా మహారాష్ట్రలోనైనా, ఉచ్చారణ కాస్త అటూ ఇటూ అయినా ఈ మాట వినబడుతుంది. ఒకసారి మా తెలుగు మిత్రుడొకడు ఇది విని మెచ్చుకుంటూ, "బాగుంది, తెలుసుకుని, చూసుకుని, ఆ తర్వాత మానుకోమన్నాడు" అన్నాడు. తెలుగు చెవికి మానడం అంటే వదిలేయడం. మన మానజో అంటే ఒప్పుకోవడం. ఒక్క క్రియాపదం దగ్గర మాట తలకిందులైంది. అయితే వాడు చెప్పిన అర్థం కూడా పూర్తిగా తప్పు కాదేమోనని ఆ రాత్రి చాలాసేపు నవ్వుకున్నాం. జల్లించి చూస్తే మానుకోవాల్సినవే ఎక్కువ మిగులుతాయి.

ఈ మూడు మాటల్లో బరువంతా మధ్యదాని మీద ఉంది. ఛాణజో అంటే పిండి జల్లించడం, నీళ్ళు వడగట్టడం. ఎడ్ల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని నెలల తరబడి నడిచిన మనుషులు దారిలో ఏ కుంట దొరికితే ఆ కుంట నీళ్ళే తాగాలి. కడవ మూతికి బట్ట కట్టి వంచితే నలకలు పైన ఆగుతాయి, నీళ్ళు కిందికి దిగుతాయి. నీళ్ళు బాగా లేవని పారబోసి ముందుకు పోయే వీలు లేదు, ఉన్నవి ఉన్నట్టు తాగే వీలూ లేదు. యాడి చెప్పిన కొలతకు ఈ మాట సరిగ్గా సరిపోతుంది. ఇందులో గ్రంథం చదివిన పదం ఒక్కటీ లేదు. చేతిలో బట్ట ఉంది, ముందు నీళ్ళున్నాయి.

పేరులోనే బుద్ధుడున్న పేటలో ఉంటూ ఆ పోలిక తట్టకుండా ఎలా ఉంటుంది? కాలామ సుత్తంలో బుద్ధుడు కేసపుత్త ప్రజలతో దాదాపు ఇదే చెబుతాడు. పరంపరగా వస్తున్నదనో, పెద్దలు అన్నారనో నమ్మవద్దు, మీకై మీరు తెలుసుకున్నాకే స్వీకరించండి అని. ఈ పోలిక పట్టుకుని సేవాభాయా బౌద్ధుడేనని వాదించే మిత్రులు మాలో ఉన్నారు. మాకు అంత దూరం పోవాలనిపించదు. సంతలో పదిసార్లు మోసపోయిన ఏ వర్తకుడికైనా ఈ బుద్ధి పుడుతుంది. ఒకే మాట రెండు చోట్ల పుట్టిందంటే ఒకరి దగ్గర ఇంకొకరు నేర్చుకున్నారని రుజువు కాదు. ఆ మాటే ఆ మాటను జల్లించమంటోంది.

సేవాభాయా గురించి మన పెద్దలు చెప్పేది ఇదీ. 1739 ఫిబ్రవరి 15న ఇప్పటి అనంతపురం జిల్లా గుత్తి దగ్గర గొల్లలదొడ్డి ప్రాంతంలో పుట్టాడు. తండ్రి భీమా నాయక్, తల్లి ధర్మిణి. ఇప్పుడు ఆ చోటును సేవాగఢ్ అంటున్నాం. 1806లో మహారాష్ట్రలో కన్నుమూశాడు, సమాధి వాశిం జిల్లా పోహరాదేవిలో ఉంది. ఇవి మన నోటి లెక్కలు. ఆ రెండు తేదీల మధ్య గుత్తి సీమ ఎన్ని చేతులు మారిందో చూడండి. మరాఠా సేనాని మురారిరావు ఘోర్పడే చేతిలో ఉన్న కోటను 1776లో హైదర్ అలీ పట్టుకున్నాడు. తర్వాత టిప్పు. ఆ తర్వాత నిజాం. 1800లో ఆ సీమంతా దత్తమండలాల కింద కంపెనీ పాలయింది. ఒక మనిషి జీవితకాలంలో ఇంతమంది దొరలు మారితే, ఎవడు వచ్చి ఏం చెప్పినా ముందు తెలుసుకో, జల్లించుకో అనడం వేదాంతం కాదు. రేపటి సుంకం ఎవడికి కట్టాలో తెలియని లదేణీ నాయకుడి జాగ్రత్త.

అదే రాయలసీమలో వేమన మాటలు పుట్టాయి, పోతులూరి వీరబ్రహ్మం గారి కాలజ్ఞానం పుట్టింది. వేమన అదృష్టం, సి.పి. బ్రౌన్ దొరికాడు. తాళపత్రాలు పోగుచేయించి, పోల్చి, 1829లో అచ్చువేయించాడు. తెలుగు సామెతలకు కెప్టెన్ కార్ దొరికాడు. 1868లో మద్రాసులో రెండు వేలకు పైగా సామెతలు ఇంగ్లీషు అర్థాలతో పుస్తకమయ్యాయి. మా బౌద్ధనగర్ గదికి నడకదూరంలో ఉన్న ఉస్మానియా తెలుగు శాఖలో 1950లలో బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద పరిశోధన చేసి, పల్లె నోటి మాటకు విశ్వవిద్యాలయంలో కుర్చీ వేయించారు. ఈ ముగ్గురికీ మేము రుణపడినట్టే భావిస్తాం. నోటి మాట పోగుచేయడం ఎలాగో వాళ్ళ దారి చూసే తెలిసింది.

మన తండాల దగ్గరికి వచ్చినవాళ్ళ చూపు వేరు. 1916లో రస్సెల్, హీరాలాల్ అచ్చువేసిన మధ్య పరగణాల కులాల గ్రంథంలో బంజారాల మీద పెద్ద అధ్యాయమే ఉంది. అందులో పూజలున్నాయి, పెళ్ళిళ్ళున్నాయి, ఎడ్ల లెక్కలున్నాయి, నేరాల సంగతి దండిగా ఉంది. మనవాళ్ళు దేన్ని చూసి నవ్వుకున్నారో, బిడ్డకు బుద్ధి చెప్పాలంటే ఏ మాట వాడారో రాసుకోవడం వాళ్ళ పనిలో భాగం కాలేదు. భాష సంగతీ అంతే. 2011 జనగణనలో లమాణీ లేదా లంబాడీ మాతృభాష అని రాయించుకున్నవారు 32 లక్షల పైచిలుకు. వాళ్ళందరినీ హిందీ కింద కలిపి చూపారు. సొంత లిపి లేని భాష, ఇక్కడ తెలుగు అక్షరాల్లో, బళ్ళారిలో కన్నడ అక్షరాల్లో, యవత్మాల్‌లో దేవనాగరిలో బతుకుతోంది. ఒకే సామెతను మూడు రాష్ట్రాల పిల్లలు మూడు లిపుల్లో రాసుకుని, ఒకరిది ఇంకొకరు చదవలేకపోతున్నారు.

అయినా ఆ గ్రంథాల్లో ఒక మాట మాత్రం చిక్కింది. అది చిక్కడానికి కారణం అందులో దొరల ప్రస్తావన ఉండటమే. షాజహాన్ కాలంలో, 1630 ప్రాంతంలో, ఆసఫ్ ఖాన్ సైన్యం దక్కను మీదికి వచ్చినప్పుడు భంగీ, జంగీ అనే రాథోడ్ నాయకులు ధాన్యం మోసుకుంటూ వెంట వచ్చారట. వాళ్ళ దగ్గర లక్షా 80 వేల ఎడ్లు. పోటీగా వచ్చిన భగవాన్‌దాస్ వడ్తియా దగ్గర 52 వేలు. ఎడ్లకు నీళ్ళూ మేతా దొరక్క పేచీ వస్తే, సేనాని రాగి రేకు మీద బంగారు అక్షరాలతో ఒక మాట చెక్కించి ఇచ్చాడంటారు. దాని సారం: రంజన్‌లో నీళ్ళు తీసుకోవచ్చు, గుడిసె కప్పు మీది గడ్డి పీక్కోవచ్చు, రోజుకు మూడు ఖూన్లు మాఫ్, సేనాని గుర్రాలు ఎక్కడుంటే ఈ నాయకుల ఎడ్లూ అక్కడే. ప్రాసతో పలికే చిన్న మాట. రేకు చేతిలో లేనివాడికి కూడా నోట్లో ఉంటుంది. చదువురాని వాళ్ళ దగ్గర దస్తావేజు అలాగే ఉండాలి మరి.

దీన్నీ జల్లించాలి. మొదటి నలక, పేరు. హైదరాబాదులో పెరిగిన మనకు ఆసఫ్ అనగానే ఆసఫ్ జాహీ నిజాం తోస్తాడు. మన సభల్లో ఈ ఫర్మానా నిజాం ఇచ్చాడని మైకులో చెప్పినవాళ్ళున్నారు. మొదటి నిజాం దక్కనులో తన రాజ్యం నిలబెట్టుకున్నది 1724లో. మధ్యలో తొంభై ఏళ్ళు పైనే ఉన్నాయి. రెండో నలక, మూడు ఖూన్లు. మన కుర్రాళ్ళు మీసం తిప్పుకునేది ఈ ముక్క దగ్గరే. మాకు అదంత గర్వపడే సంగతిగా కనబడదు. సైన్యానికి అవసరమున్నంత కాలం ఇచ్చిన అతిశయోక్తి అది. అవసరం తీరాక అదే ముక్కను చూపి మనవాళ్ళకు నేరగాళ్ళన్న ముద్ర వేశారు. బట్టలోంచి కిందికి దిగే అసలు నీళ్ళు మొదటి రెండు ముక్కలే. నీళ్ళ మీద హక్కు, గడ్డి మీద హక్కు. 1878లో భారత అటవీ చట్టం, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి గడ్డి హక్కును అడుగంటించాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. వెయ్యి ఎడ్లు నెల రోజులు మోసే ధాన్యం వ్యాగన్లలో రాత్రికి రాత్రి వెళ్ళిపోయింది. సీతాఫల్‌మండి వైపు నుంచి వచ్చే రైలు కూత మా గదుల్లోకి వినబడుతుంది. మన లదేణీ దారులు ఎక్కడ తెగాయో చదివిన రోజు నుంచి ఆ కూత మాకు వేరేగా వినబడుతోంది.

ఇక నీళ్ళ మాట. రపియాన కటోరో పాణీ వక్‌జాయ. రూపాయికి కటోరా నీళ్ళు అమ్ముడుపోయే రోజు వస్తుంది. దీనికి తోడు ఇంకొకటి, రూపాయికి పదమూడు శనగలు. మన సభల్లో ఈ రెండూ చెప్పగానే వక్త నీళ్ళ బాటిల్ పైకెత్తి చూపిస్తాడు, చప్పట్లు మోగుతాయి. భవిష్యత్తు చెప్పాడు, నిజమైంది.

మాకు ఇక్కడ కొంచెం ఆగాలనిపించింది. ఆ రూపాయి ఏ రూపాయి? సేవాభాయా కాలంలో సిపాయి నెల జీతం కొద్ది రూపాయలు. అంటే రూపాయికి కటోరా నీళ్ళంటే, రోజులు రోజులు చాకిరీ చేస్తే ఒక గుక్క నీళ్ళని అర్థం. ఇప్పుడు తార్నాక చౌరస్తాలో లీటరు బాటిల్ 20 రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. మా మేస్త్రీ అన్నలు అరపూట కూలితో బాటిళ్ళ పెట్టె కొనగలరు. కనుక లెక్క ప్రకారం ఆ జోస్యం నిజం కాలేదు, ఇంకా కాకూడదని కోరుకోవాలి. నీళ్ళు అమ్మకానికి వస్తాయన్న ముక్క మాత్రం నిజమైంది. ఈ రెండింటినీ కలిపి చప్పట్లు కొట్టించుకోవడం మన తొందర.

అసలు అది జోస్యమేనా? 1789 నుంచి 1792 దాకా దక్కనులో వానలు లేక పుర్రెల కరువు వచ్చింది. చచ్చినవాళ్ళను పూడ్చే దిక్కు లేక ఎముకలు దారుల వెంట తెల్లబడ్డాయి కనుక ఆ పేరు. హైదరాబాదు రాజ్యమంతా దాని కింద నలిగింది. అప్పటికి సేవాభాయాకు యాభై దాటాయి. సరిగ్గా అదే సమయంలో, 1791-92లో, టిప్పు మీదికి కదిలిన కార్న్‌వాలిస్ సైన్యం తిండి దొరక్క ఒకసారి శ్రీరంగపట్నం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. తర్వాత ఆ సైన్యానికి గింజలు మోసినవాళ్ళలో బంజారాలు ముఖ్యులు. ఒక దారిలో గింజ లేక జనం రాలిపోతున్నారు, పక్క దారిలో గింజ సైన్యానికి పోతోంది. రెండు దారుల్లోనూ నడిచినవాడికి ధర అంటే ఏమిటో తెలుస్తుంది. రూపాయికి పదమూడు శనగలన్న మాటలో అంకె చూడండి. డజను కాదు, పాతిక కాదు, పదమూడు. లెక్కపెట్టి అమ్మిన చెయ్యి అది. రేపు వస్తుందని చెప్పినట్టుండే ఈ మాటలు నిన్న కళ్ళారా చూసినవాడివని మా ఊహ. కాలజ్ఞానం అదే సీమలో ఇంటింటా వినబడుతున్నప్పుడు, అనుభవాన్ని కూడా రాబోయే కాలపు క్రియలో చెబితేనే జనం చెవి ఇచ్చేవాళ్ళేమో. ఇది ఊహేనని మళ్ళీ చెబుతున్నాం. పెద్దలు కాదంటే వింటాం.

తెలుగులో తేలికైన పనిని మంచినీళ్ళప్రాయం అంటారు. దుబారాను డబ్బు మంచినీళ్ళలా ఖర్చుపెట్టడం అంటారు. చెరువు కింద, కాలువ కింద కుదురుకున్నవాళ్ళ నుడికారం అది. గోర్ బోలిలో పుట్టి పెరిగిన మాకు చిన్నప్పుడు బళ్ళో ఈ మాటలు విన్నప్పుడు ఎక్కడో తేడాగా ఉండేది. మా యాడీలు రెండు మైళ్ళు మోసుకొచ్చే వస్తువు తేలికదనానికి గుర్తు ఎలా అయింది? అనంతపురం జిల్లా దేశంలో బాగా తక్కువ వాన పడే చోట్లలో ఒకటి. అక్కడ పుట్టినవాడు ఖరీదుకు కొలతగా బంగారాన్ని కాక నీళ్ళను తీసుకోవడం మాకు వింతగా లేదు.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టే మాట ఇంకొకటి ఉంది. కేనీ భజో పూజో మత్. ఎవరినీ భజించకండి, పూజించకండి, పని చేయడం నేర్చుకోండి అని దాని కొనసాగింపు. చెప్పినవాడికి ఇప్పుడు ఊరూరా గుళ్ళున్నాయి. తెలంగాణ ప్రభుత్వం జయంతిని అధికారికంగా జరుపుతోంది. మేమూ ఏటా భోగ్ భండారో పెట్టి, కడావో వండి, దండం పెట్టుకుని తింటున్నాం. ఇది ఎలా కుదురుతుందని యాడినే అడిగాం. ఆమె కడావో కలియబెడుతూనే చెప్పింది.

"ఆయన వద్దన్నడు. మేం ఆగలే. అంత మంచిగ చెప్పినోడికి దండం పెట్టకుండ చేతులు ఊకుంటయా?"

అప్పుడు మాలో ఒకడు, చెప్పిన మాట వినకుండా చెప్పినవాణ్ణి మొక్కితే ఏం లాభం యాడీ అన్నాడు. ఆమె గరిటె ఆపి వాడి వైపు చూసింది. "మరి నువ్వు మీ సార్ చెప్పింది ఇనకనే గదా సార్ ఫోటోకు దండేసినవ్" అన్నది. వాడు ఆ ఏడాది పరీక్ష తప్పాడన్న సంగతి ఆమెకు ఎవరు చేరవేశారో ఇప్పటికీ తెలియలేదు.

మన ప్రార్థనలో కోర్, గోర్ ఇద్దరికీ మేలు కోరతాం. కోర్ అంటే మనవాడు కానివాడు. చీమనూ పురుగునూ కూడా చల్లగా చూడమంటాం. ఇది సేవాభాయా నేర్పిందేనని తండాలు చెబుతాయి. ఆయన కన్నా ముందు నుంచే ఉందని చెప్పే ముసలివాళ్ళూ మాకు దొరికారు. వేమన పేరు మీద ఎవరెవరివో పద్యాలు చేరినట్టు, సేవాభాయా పేరు మీద తండా మాటలెన్నో చేరి ఉంటాయి. అందులో తప్పేమీ లేదు. కొన్ని వందల ఏళ్ళు నోటి మీద బతికిన మాటకు ఒక తండ్రి పేరు కావాల్సి వచ్చింది, ప్రేమ ఉన్నచోట పెట్టుకున్నారు. ఫోన్‌లో పుట్టిన మాటకు అదే పేరు పెట్టడం దగ్గరే మా అభ్యంతరం. తండాలో పుట్టిన మాట ముసలమ్మతో పాటు వెళ్ళిపోతోంది. దాని చోటులోకి మబ్బుల బొమ్మతో ఈ సంకల్పాలు వచ్చి కూర్చుంటున్నాయి. పదేళ్ళయితే మా తమ్ముళ్ళకు ఇవే పాతవి.

అందుకని ఒక రెండొందల పేజీల పుస్తకం కొని మొదలుపెట్టాం. సంక్రాంతికీ దసరాకూ తండాలకు వెళ్ళినవాళ్ళు విన్న మాట విన్నట్టు రాయాలి. చెప్పినవాళ్ళు ఆడమనిషో మగమనిషో, వయసెంతో, ఏ తండా, ఏ సందర్భంలో అన్నారో పక్కన రాయాలి. అర్థం తెలుగులో చెప్పలేకపోతే చెప్పలేకపోయామని రాయాలి. నాయక్, కార్భారీ పంచాయితీల్లో వాడే మాటలకు వేరే పేజీలు పెట్టాం. అవి చెప్పడానికి మగవాళ్ళు ముందుకొస్తారు, వెక్కిరింపు మాటలు మాత్రం అన్నీ యాడీల దగ్గరే ఉన్నాయి. అత్తల మీద, తాగుబోతు మొగుళ్ళ మీద, పట్నం పోయి భాష మరిచిన కొడుకుల మీద. చివరి రకం చెప్పేటప్పుడు మా వైపే చూస్తూ చెబుతారు.

పుస్తకంలో మొదటి పేజీ ఆ యాడిదే. ఈ ఏడాది ఫ్లెక్సీ మీద జాణజో, ఛాణజో రెండే పదాలు వేసి, మూడోదాని చోట ఖాళీ వదిలాం. చాలామంది అచ్చు తప్పనుకుని మాకు ఫోన్లు చేశారు. పాత ఫ్లెక్సీ మాటనూ పుస్తకం చివరి పేజీలో రాసి ఉంచాం. చెప్పినవారి వరుసలో ఫోన్ అని, తండా వరుసలో గీత పెట్టి.